కోట బయటి చల్లపల్లి



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గరే నేను చరిత్ర చదువుకున్నాను. ఒకసారి ఊరి చరిత్ర రాసుకురమ్మంటే పిల్లలందరం కోట గురించే రాసుకెళ్లాం. ఆయన అన్నీ ఓపిగ్గా చదివి, "కోటలోకి బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చాయిరా?" అని అడిగారు. అప్పుడు తలదించుకున్నాను. జవాబు ఇవాళ చెబుతున్నాను.

దేవరకోట సంస్థానం యార్లగడ్డ వారిది. వారి కోట చల్లపల్లిలో. ఆ మాట లేకుండా ఊరి కథ మొదలవదు. కానీ ఈ నేలకు విలువ తెచ్చింది కృష్ణ నీళ్లు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, కాలువలు దిగువకు సాగాయి, వానకోసం ఎదురుచూసిన చేలు మాగాణులయ్యాయి. ఆ కాలువ గట్లు పోయడానికి పలుగు పట్టినవాళ్లు, తట్ట మోసినవాళ్లు ఏ శిలాఫలకంలోనూ లేరు.

పంటతో పాటు తగవులూ పెరిగాయి. జమీందారు మీద రైతు పోరాటమనీ, భూమికోసం కూలీ పోరాటమనీ రెండున్నాయి. మనం సభల్లో రెంటినీ కలిపి ఒకటిగా చెప్పేస్తుంటాం. అది అన్యాయం. 1908 ఎస్టేట్ల చట్టం, 1948 జమీందారీ రద్దు చట్టం ముఖ్యంగా సాగుదారు హక్కు గురించినవి. పాలేరుకు, నాట్లు వేసే ఆడకూలీకి వాటివల్ల సెంటు భూమి రాలేదు. గుంటూరు బాపనయ్య లాంటి నాయకులు కూలీల పక్షాన నిలబడింది అందుకే. భూపరిమితికి తొలి చట్టం 1961లో వచ్చినా, గట్టి చట్టం 1973 దాకా ఆగింది.

ఇక చెరకు. లక్ష్మీపురం మిల్లులో గానుగాట మొదలైతే కాటా దగ్గర బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి. మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డరు ఆలస్యమైతే తోట ఎండి తూకం తగ్గేది. గాలికి పైరు పడిపోకుండా ఎండాకు పేని గడలకు జడచుట్టు వేసేవాళ్లు. ఆ పని చేసిన ఒక అవ్వ చేతులు నేను దగ్గర నుంచి చూశాను. ముంజేతి నుంచి మోచేతి దాకా ఆకు కోసిన సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి.

ఆ మిల్లు కంపెనీ చల్లపల్లి షుగర్స్ పేరు దేశంలోని ఆడిటర్లందరికీ తెలుసు. ఆ కంపెనీ ఆదాయపు పన్ను కేసులో 1974లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది: ఉత్పత్తి మొదలవకముందు యంత్రాల కోసం తెచ్చిన అప్పు మీద కట్టిన వడ్డీ కూడా ఆ యంత్రాల ఖరీదులో భాగమేనని. సబబైన తీర్పు. మరి గడ కాటా ఎక్కకముందు రైతు కట్టిన వడ్డీ ఏ ఖరీదులో చేరింది? తల్లి జడచుట్టు వేస్తుంటే గట్టు మీద గుడ్డ ఉయ్యాల్లో ఏడ్చిన పసిబిడ్డ రోజులు ఏ పద్దులోకి ఎక్కాయి?

మీ అటకల మీద పాత కాటా చీటీలు, కటింగ్ ఆర్డర్లు, కౌలు కాగితాలు ఉంటే పారేయకండి, గ్రంథాలయానికి ఇవ్వండి. అంతకంటే ముందు, నరుకుడు ముఠాల్లో పనిచేసిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్దాం, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుందాం. కాగితాలైతే ఇంకొన్నాళ్లు ఆగుతాయి.