కూర్చుంటే ఒక లెక్క, నిలబడితే ఒక లెక్క



"పొద్దున బీపీ 140 అన్నారు, సాయంత్రం 110 అన్నారు. గుండె ఒకప్పుడు దడదడలాడుతుంది, ఇంకొకప్పుడు మామూలే. ఇంతకీ నాకు జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" ఈ ప్రశ్న మనలో చాలామంది అడిగేదే. ఇంట్లోవాళ్ళ జవాబు కూడా మనకు కంఠతా వచ్చు: "ఏమీ లేదు, నీకు ఆలోచనలు ఎక్కువ." ఆలోచనలకూ గుండె దడ వస్తుంది, కాదనను. కాని ఆ మాట పరీక్షలన్నీ అయ్యాక చివర అనవలసింది గాని, మొదటే అనవలసింది కాదు.

బీపీ ఎవరికైనా రోజంతా ఒక్కలా ఉండదు. నిద్రలో తగ్గుతుంది, లేచే వేళకు పెరుగుతుంది. డాక్టరుగారి తెల్లకోటు చూడగానే పెరిగేవాళ్ళూ ఉన్నారు. అంచేత ఒక్క అంకె చూసి బెంబేలెత్తనక్కరలేదు, అలాగని నిశ్చింతగానూ ఉండకూడదు.

ముందు కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. కాఫీ తాగి అరగంట కావాలి. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. మన ఆడవాళ్ళకు ఇంకో చిక్కుంది. బిగుతు జాకెట్టు చెయ్యి పైకి మడిచి, దాని కింద పట్టీ చుడతారు. ఆ మడతే చేతిని నొక్కేస్తుంది. పరీక్షకు వెళ్ళే రోజు వదులు చేతుల జాకెట్టు వేసుకువెళ్ళండి.

ఇప్పుడు అసలు సంగతి. మనం లేచి నిలబడగానే అరలీటరుకు పైగా నెత్తురు కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె కాస్త వేగం పెంచి, దాన్ని మెదడుకు అందిస్తాయి. ఈ ఏర్పాటు తడబడితే కూర్చున్నప్పుడు అంతా సవ్యంగానే కనిపిస్తుంది, నిలబడ్డప్పుడే తంటా.

మా వీధిలో ఒక ఇంటి కోడలికి ఇరవై ఆరేళ్ళు. ఏదో విషజ్వరం వచ్చి తగ్గాక నాలుగు నెలలపాటు పొయ్యి దగ్గర నిలబడితే చాలు, గుండె పరుగు, కళ్ళు చీకట్లు. పడుకుంటే హాయి. "పడుకుంటే తగ్గే జబ్బు మాకూ వస్తే బాగుండును" అనేది అత్తగారు. ఈసీజీ బాగుంది. రక్తహీనత లేదు, థైరాయిడ్ లేదు, కూర్చోబెట్టి చూసిన బీపీ 110/70. చివరికి ఒక డాక్టరమ్మ ఆ పిల్లను కాసేపు పడుకోబెట్టి నాడి చూసింది: 76. నిలబెట్టి పది నిమిషాలదాకా చూస్తూ పోయింది: 118. బీపీ మాత్రం పడిపోలేదు. దీన్ని పొట్టిగా 'పాట్స్' అంటారు. ఈ పేరు 1993లో వైద్యగ్రంథాలకెక్కింది. నిలబడ్డ పది నిమిషాల్లో నాడి 30 గాని అంతకన్న ఎక్కువగాని పెరగాలి, పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లలకైతే 40. బాధ కనీసం మూడు నెలలుగా ఉండాలి, వేరే కారణం దొరకకూడదు. ఎక్కువగా వచ్చేది వయసులో ఉన్న ఆడవాళ్ళకే. 2020లో కోవిడ్ వచ్చాక ఇంకా కనిపిస్తోంది. ఆ అత్తగారే తరవాత వంటింట్లో ఎత్తు స్టూలు వేయించింది లెండి.

పెద్దవాళ్ళకు వేరే రకం. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే, రాత్రి దొడ్లోకి లేచినప్పుడు తూలి పడడం అందువల్ల కావచ్చు. షుగరు ఉన్నవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు మానకండి.

ఉప్పు సంగతీ అంతే. పాట్స్ ఉన్నవాళ్ళకు నీళ్ళూ ఉప్పూ ఎక్కువ తీసుకోమనడం ఉంది; బీపీ ఎక్కువున్నవాళ్ళకు అదే ఉప్పు చేటు. రోగం తేలకుండా పక్కింటావిడ వైద్యం పనికిరాదనడం ఇందుకే.

దడ ఎప్పుడో వచ్చి పోయేదైతే కొన్ని సెకన్ల ఈసీజీకి దొరకదు. ఇరవైనాలుగు గంటలూ ఒంటిమీద ఉంచే హోల్టర్ యంత్రం అందుకే. అమెరికాలో హోల్టర్ అనే ఆయన 1940ల చివర చేసిన మొదటి యంత్రం గుండె చప్పుళ్ళ గీతను రేడియో తరంగాలమీదే పంపేదట! దాని బరువు దాదాపు 38 కిలోలు, వీపున మోయాలి. ఇప్పటిది అరచేతిలో ఇమిడిపోతుంది. బీపీకి కూడా అలాంటి రోజంతా కొలిచే పరికరం ఉంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు ఒక వారం నోటుబుక్కు రాయండి. చూపుడువేలు, మధ్యవేలు మణికట్టుమీద బొటనవేలి వైపు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పడుకుని ఎంత, నిలబడి ఎంత, దడ వచ్చినప్పుడు ఎంత, అప్పుడు ఏంచేస్తున్నారు: స్నానమా, వంటా, ఉపవాసమా, నెలసరా? నాడి ఒక వరస లేకుండా కొట్టుకుంటే అదీ రాయండి. అలాంటప్పుడు ఇంట్లో మిషను చూపే అంకెలను నమ్మలేం. తలనొప్పి, చెమటలు, దడ మూడూ కలిసి ఉన్నట్టుండి వస్తుంటే ప్రత్యేకంగా చెప్పండి, దానికి వేరే పరీక్షలున్నాయి. వేసుకునే మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, చీటీమీద రాసుకోండి.

గుండెల్లో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం కనిపిస్తే నోటుబుక్కు అక్కడ పెట్టేసి, ఆ క్షణమే ఆస్పత్రికి బయలుదేరండి.