గొర్రె పోతే పంచాయితీ ఎట్ల తెగుతది?

మంచిర్యాల నుంచి మాట్లాడుతున్న. ఈరోజు ముచ్చట రెండు గొర్రెల గురించి.

మాది గొర్ల కాపరుల ఇల్లు. వరి కోతలైనంక బాపు, మా మామ మందను గోదావరి ఒడ్డు ఊర్ల దిక్కు తోలుకపోయేది. రాత్రి పొలంలో మంద పెడితే రైతుకు ఎరువు, మాకు వడ్లో పైసలో. ఒక పొద్దున లెక్క పెడితే రెండు తక్కువ. నక్క పట్టుకపోతే నెత్తురన్న కనపడాలి, అదీ లేదు. నాలుగు రోజులకు మామ వాటిని పక్క మందలో గుర్తుపట్టిండు. మా చెవి గురుతు మీదనే ఇంకో కోత పెట్టిన్రు, పుండు ఇంకా పచ్చిగనే ఉంది. ఆ మంద ఎవరిదో కాదు, బాపుకు వరుసకు బామ్మర్ది అయ్యేటాయనది.

వేపచెట్టు కింద కుల పెద్దలు కూసున్నరు. గొర్రెలు వాపస్, మీదికెళ్లి దండుగ. అది అరగంటలో తెగింది. అప్పుడు ఒక పెద్దమనిషి "ఏడాది దాక వాళ్లింటికి ఎవరూ పోవద్దు, వాళ్లను పెండ్లికి పిలవద్దు" అన్నడు. ఆయన కొడుకు, నేను బడిలో ఒకే బెంచీ. నాకు గుండె గుభేల్‌మంది.

బాపు లేసి, "తప్పు వాడు చేసిండు. వాని పిల్లలేం చేసిన్రు? గట్లనైతే నాకీ దండుగ కూడ వద్దు" అన్నడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలె. ఆఖరికి వెలి మాట తీసేసిన్రు.

టిబెట్ ఆమ్దో పచ్చిక బయళ్లలో కూడా పశువులు పోతే పెద్దలు మధ్యవర్తులుగా కూర్చుని పరిహారం తేలుస్తారు. రేపు అదే గడ్డి మీద పక్కపక్కన మేపాల్సినోళ్లు కదా. నష్టం కట్టించుడు వేరే, వెలి వేసుడు వేరే. మనకు ప్రాణహిత అవతల మహారాష్ట్రలో ఈ వెలి మీద 2016లో ప్రత్యేక చట్టమే చేసిన్రు.

పంచాయితీతో తెగకపోతే? తిరిగే మంద కాబట్టి "మా పరిధి కాదు" అనే మాట వింటుంటం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత 173 సెక్షన్ కింద నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటరు. కేసు అయినంక కూడా మామూలు దొంగతనమైతే సొత్తు యజమాని రాజీ పడవచ్చు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడేటోడు దాన్ని వాపస్ ఇస్తే, శిక్ష సమాజ సేవే. అయితే ఇయ్యాల ఒక్క గొర్రె ధరే ఆ లెక్క దాటుతది, అది వేరే సంగతి.

దండుగ ఆయన రెండు వాయిదాల్లో కట్టిండు. పోయినేడు బాపుకు పానం బాగలేకపోతే మా మందను పది రోజులు ఆయనే మేపిండు. వాపస్ తెచ్చినప్పుడు "లెక్క ఎందుకు బావా, తోలు" అన్నడు బాపు. ఆయన వినలె. దొడ్డి కాడ నిలబడి ఒక్కొక్కటే గట్టిగ లెక్కపెట్టి తోలిండు.