పెద్ద అనే పిలుపు



వాక్యం నేర్చుకుని, పట్టా పుచ్చుకుని ఈ సాయంత్రం మీరు ఊరు చేరేసరికి మీ పిలుపు మారిపోతుంది. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచినవాళ్లే అయ్యగారూ, పాస్టరమ్మా అంటారు. ఆ మర్యాద తలకెక్కకముందే, తొలినాటి సంఘం ఈ కాపరి పనికి ఏ పేర్లు పెట్టిందో చెప్పాలని వచ్చాను.

గ్రీకులో 'ప్రెస్బుటెరోస్' అంటే వయసులో పెద్ద. మన రచ్చకట్ట మీద కూర్చునే పెద్దమనిషి లాంటి మాట. లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు పోయి అదే 'ప్రీస్ట్' అయింది. 'ఎపిస్కోపోస్' అంటే కనిపెట్టి చూసేవాడు. అది అరిగి 'బిషప్' అయింది. 'డయాకొనోస్' అంటే పరిచారకుడు. బలి అర్పించే యాజకుడికి గ్రీకులో వేరే మాట ఉంది, 'హియెరెయుస్'. కొత్త నిబంధన ఆ పేరుతో యేసును పిలిచింది, విశ్వాసులందరినీ కలిపి యాజకులంది. ఏ ఒక్క సంఘ కాపరికీ ఆ పేరు పెట్టలేదు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీయండి. పౌలు మిలేతులో ఉండి ఎఫెసు వాళ్లను పిలిపించాడు. 17వ వచనంలో వాళ్లు పెద్దలు, 28వ వచనానికి అధ్యక్షులు, అంటే 'ఎపిస్కోపోస్'లు. మనుషులు వాళ్లే! పెద్దరికమూ కనిపెట్టుకోవడమూ అప్పటికింకా వేరుపడలేదు. వేరుపడ్డాక, బిషపు ఉండాలా వద్దా అని ఎంత తగవు! 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, బిషపులున్న ఆంగ్లికన్లు, బిషపులు లేని ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు, మెథడిస్టులు ఒక్కటయ్యారు. బిషపును ఉంచుకున్నారు, సంఘ కాపరికి మాత్రం 'ప్రెస్బిటర్' అన్న పాత పేరే ఎంచుకున్నారు. ఆ ఎంపిక నాకెంతో ఇష్టం.

అమ్మాయిలూ, రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు ఫీబే అనే స్త్రీని 'డయాకొనోస్' అన్నాడు. 2013లో మన కర్నూలు జిల్లాలోనే, అప్పటికి జిల్లా విడిపోలేదు, నంద్యాలకు పుష్పలలిత గారు బిషపు అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆమే తొలి మహిళా బిషపు.

కనిపెట్టి చూడటమంటే పత్తికొండ వైపు ఏమిటో మీకు తెలుసు. సుగ్గి రోజుల్లో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరప చేలకు పోతాయి. ఆ ఆదివారాల్లో గుడిలో జనం పలచబడ్డారని దిగులుపడకండి. పేటలోకి నడవండి. ఏ ఇంటికి తాళం పడిందో, తాళం పడని ఇంట్లో ముసలమ్మకు పొయ్యి వెలిగించేదెవరో చూడండి. బడి మానబోయే పిల్లలుంటే, వాళ్లను వలస కుటుంబాల పిల్లలుండే సీజనల్ హాస్టల్లో చేర్చమని అడగడానికి హెడ్మాస్టరు దగ్గరికి మీరే వెళ్లండి. సంక్రాంతి దాటాక కాదు, బండి కదలకముందే.