ముందుగా ముట్లు ఆగిపోతే వైద్య సలహా పొందండి
(లక్డీకాపూల్‌లో జరిగిన పాల సంఘాల మహిళా సభ్యుల సమావేశంలో కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టర్ ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే మేము ఈ విషయం మాట్లాడటమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. కాని మేము చూసే అప్పుల పద్దులలో ఈ విషయం కూడా కనిపిస్తుంది. పాల బిల్లు మీద అప్పు తీసుకున్న కారణం అడిగితే "గర్భసంచి ఆపరేషన్" అని చెప్పే సభ్యులు తరచుగా తారసపడతారు. వారిలో నలభై నిండనివారూ ఉంటారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లుడిగే స్థితి ఆ రోజే వస్తుంది. వాటిని ఉంచినా కొందరికి కొన్నేళ్ళు ముందుగా రావచ్చు.

ఆపరేషన్ లేకుండానే కొందరికి ముట్లు ముందుగా ఆగిపోతాయి. మన దేశంలో సాధారణంగా 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ఆగుతాయి. 45 లోపు ఆగితే ముందుగా ఆగినట్లు. 40 లోపు ఆగితే తప్పక పరీక్ష చేయించవలసిన విషయం. ఒంట్లో ఆవిర్లు రావడం, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, కీళ్ళనొప్పులు, కలయికలో మంట దీని లక్షణాలు. వీటిని దిష్టి అనో, పనిభారం అనో కొట్టివేయకూడదు. గేదె సకాలంలో ఎదకు రాకపోతే ఆ వారమే పశువైద్యునికి కబురు పెడతాము. ఇంటి ఇల్లాలి విషయంలో మాత్రం ఏళ్ళ తరబడి ఊరుకుంటాము. ఇది న్యాయమా?

నలభై ఐదేళ్ళలోపు స్త్రీకి మూడు, నాలుగు నెలలు ముట్టు రాకపోతే డాక్టరును చూడవలెను. ముందు గర్భం ఉన్నదా లేదా చూస్తారు. తరువాత రక్తంలో ఎఫ్‌.ఎస్‌.హెచ్. హార్మోను, థైరాయిడ్ పరీక్షిస్తారు. అవసరమైతే నెల తరువాత మళ్ళీ పరీక్షిస్తారు. ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకల బలం తగ్గుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే ముందుగా ముట్లు ఆగినవారికి సుమారు యాభై ఏళ్ళ వరకు హార్మోను మందులు ఇవ్వడం సాధారణ పద్ధతి. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి ఇవి సాధారణంగా ఇవ్వరు. కనుక మందుల షాపులో అడిగి వాడరాదు. ముట్లు ఆగిన ఏడాది తరువాత రక్తం కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

ముందు మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల డాక్టరును కలవండి. నగరానికి పంపితే, ఈ లక్డీకాపూల్ దగ్గరే 1953లో ప్రారంభమైన నిలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. హార్మోను జబ్బుల నిపుణులు పంజాగుట్టలోని నిమ్స్‌లో ఉన్నారు. ఇక్కడి నుంచి మెట్రోలో నేరుగా వెళ్ళవచ్చు. పాత చీటీలు, ఆపరేషన్ కాగితాలు, చివరిసారి ముట్టు వచ్చిన తేదీ వెంట తీసుకుపోండి. ఎవరైనా గర్భసంచి తీయాలంటే "మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. మరొక డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి.

చివరిగా ఒక మాట. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పావు లీటరు ఆవుపాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. క్యాను నింపేముందు పాలు పితికిన చేతులకు ఒక గ్లాసు పాలు మిగల్చండి. సంఘానికి ఆ గ్లాసు వల్ల నష్టం లేదు. కార్యదర్శులు ఈ విషయాన్ని మీ తదుపరి సమావేశంలో చదివి వినిపించవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.