పేగు జబ్బు పిల్లలు: మందు, అన్నం, బడి

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ పిల్లల పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు తెచ్చే జబ్బులు. మొదటిదాన్ని 1932లో న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు వర్ణించారు. విడవని విరేచనాలు, మలంలో రక్తం, కడుపునొప్పి, ఎదుగుదల మందగించడం వీటి గుర్తులు. క్రోన్స్ అచ్చం పేగు క్షయలాగే కనిపించవచ్చు కాబట్టి మన దేశంలో ఎండోస్కోపీ, ముక్క పరీక్ష చేసి జాగ్రత్తగా తేలుస్తారు.

వీటిని పూర్తిగా పోగొట్టే మందు లేదు; అదుపులో ఉంచేవి ఉన్నాయి. క్రోన్స్ పిల్లలకు 6 నుంచి 8 వారాలు పోషక ద్రవాహారం ఒక్కటే ఇచ్చి వాపు తగ్గించే పద్ధతీ ఉంది. స్టిరాయిడ్లు ఎక్కువకాలం వాడితే ఎత్తు పెరగడం కుంటుపడుతుంది. అందుకే తర్వాత అజాథయోప్రిన్ లాంటి మందులకు మారుస్తారు, రక్తపరీక్షలు తప్పవు.

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నింద ముందుగా కారం మీద పడుతుంది. నిజానికి మిరపకాయ ఈ జబ్బు తేదు. జబ్బు రేగిన రోజుల్లో బాధ పెంచవచ్చు, అంతే. తగ్గాక పప్పన్నం, పెరుగు, కోడిగుడ్డు, కాస్త కారం, ఒంటికి సరిపడినవన్నీ తినవచ్చు. పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నంతో సరిపెడితే పిల్లలు చిక్కిపోతారు. ఆ పథ్యం చేసే చెరుపు తక్కువేమీ కాదు.

మిరపకోతలు, పత్తితీతల కాలంలో పెద్దలతో చేలకు తరలే పిల్లలకు మందు తప్పిపోతుంటుంది. నొప్పి లేదని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. బడిలో మాస్టార్లు ఈ పిల్లలను అడగకుండానే మరుగుదొడ్డికి వెళ్లనివ్వాలి. టీకా వేయించే ముందు వాడుతున్న మందుల సంగతి డాక్టరుకు చెప్పాలి. కొన్ని మందులు వాడుతున్నప్పుడు కొన్ని టీకాలు వేయకూడదు.