సిద్ధాంత వ్యాస నిర్మాణం: సంశయం నుంచి నిర్ణయం దాకా
(భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం)

పరిశోధన గ్రంథంలో అధ్యాయాలు ఏ క్రమంలో ఉండాలని అడిగితే విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా దొరికే సమాధానం ఒక నమూనా పట్టిక: ముందు విషయ పరిచయం, తర్వాత పూర్వ పరిశోధనల సమీక్ష, నడుమ మూడు నాలుగు అధ్యాయాల విశ్లేషణ, చివర ఉపసంహారం, దాని వెంట ఉపయుక్త గ్రంథసూచి. ఇందులోని ఏ భాగం ఏ అవసరంలోంచి పుట్టిందో తెలియకుండానే, పేర్లు మార్చి ఈ పట్టికను నింపుకుంటూ పోయే సిద్ధాంత వ్యాసాలు తక్కువేమీ కావు. ఆ భాగాల పుట్టుకను, అవి తెలుగు పరిశోధనలోకి వచ్చిన తీరును, వచ్చే దారిలో జారిపోయిన ఒక ముఖ్యాంశాన్ని సభాసదుల ముందుంచడం ఈ ఉపన్యాసం ఉద్దేశం. భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) స్మృతికి ఈ విషయం తగినదే. తెలుగు భాషపై వచ్చిన పరిశోధనల్లో ఆధారాలను ఒక పక్క, వాటి నుంచి తీసిన నిర్ణయాలను మరో పక్క విడదీసి చూపిన రచనగా ఆయన సిద్ధాంత వ్యాసం ముందు వరసలో నిలుస్తుంది.

గ్రంథాన్ని ప్రణాళిక ప్రకారం రాయాలన్న ఆలోచన ఈ దేశానికి విశ్వవిద్యాలయాలతో పాటు దిగుమతి అయినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం మొదటి అధ్యాయంలోనే ఆ గ్రంథంలోని 15 అధికరణాలు, 180 ప్రకరణాలు వరుసగా పేర్కొని ఉన్నాయి. చిట్టచివరి అధికరణం పూర్తిగా 32 తంత్రయుక్తుల వివరణకే పరిమితమైంది. తంత్రమంటే ఇక్కడ శాస్త్రగ్రంథం, యుక్తి అంటే దాన్ని కూర్చే ఉపాయం. ప్రకరణాల ఆనుపూర్విని చెప్పడం విధానం, విషయాన్ని క్లుప్తంగా సూచించడం ఉద్దేశం, దాన్నే విస్తరించి చెప్పడం నిర్దేశం. వెనక చెప్పినదాన్ని గుర్తుచేయడం అతిక్రాంతావేక్షణం, ముందు రాబోయేదాన్ని సూచించడం అనాగతావేక్షణం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కూడా 32 యుక్తులనే చెప్పగా చరక సంహిత వాటిని 36కు పెంచింది. రాజనీతి రాసేవాడికీ వైద్యం రాసేవాడికీ ఒకే రచనా సామగ్రి పనికివచ్చిందంటే, గ్రంథనిర్మాణం విషయానికి అతీతంగా నేర్చుకోదగిన విద్య అన్న గుర్తింపు అప్పటికే ఉన్నదన్నమాట.

అంతకంటే ముఖ్యమైనది మీమాంసకులు స్థిరపరచిన అధికరణ పద్ధతి. వారి లెక్కలో అధికరణమంటే ఒకే ఒక ప్రశ్నను తేల్చే ప్రకరణం. దానికి అయిదు అంగాలు. చర్చకు వచ్చిన అంశం విషయం. దాని గురించి రెండు విధాల ఆలోచనకు తావుండడం సంశయం. ఎదుటివారి వాదం పూర్వపక్షం. దానికి సమాధానంగా నిలిపే వాదం సిద్ధాంతం. అయిదో అంగాన్ని కొందరు నిర్ణయమన్నారు, మరికొందరు ముందు వెనక ప్రకరణాలతో దీనికున్న పొందికను, అంటే సంగతిని, అయిదోదిగా లెక్కించారు. ఈ అమరికలో గమనించదగిన విశేషం రెండో అంగం. సంశయం లేనిచోట అధికరణమే లేదు. ఎవరికీ అనుమానం లేని విషయాన్ని ఎంత పొడవుగా వర్ణించినా అది ప్రకరణం కాదు. పూర్వపక్షాన్ని కూడా దాని పూర్తి బలంతో, ఆ వాది స్వయంగా వచ్చి చెప్పినట్టుగా నిలబెట్టిన తర్వాతనే ఖండించాలి. బలహీనంగా చెప్పి కొట్టేసిన పూర్వపక్షం వల్ల సిద్ధాంతానికి వచ్చే గౌరవం ఏమీ ఉండదు.

మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల ఆరంభంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆ నియమంలోని మొదటి సగం ఈనాటి పాదసూచిక చేసే పని, రెండో సగం పర్యవేక్షకులు ఎర్రసిరాతో చేసే పని. మొదటి సగాన్ని పాటించేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు గాని, రెండో సగం దగ్గరికి వచ్చేసరికి సేకరించిన కార్డును వదులుకోవడానికి ఏ పరిశోధకునికీ మనసు రాదు.

ఆధునిక డాక్టరేటు పుట్టింది జర్మనీలో. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం అధ్యాపకుడి బాధ్యతను బోధనతో ఆపక కొత్త జ్ఞాన సంపాదన దాకా విస్తరించింది. 1825లో అక్కడికి వచ్చిన చరిత్రకారుడు లియోపోల్డ్ ఫాన్ రాంకే తన శిష్యులను సెమినార్‌లో కూర్చోబెట్టి, మూలపత్రాలను వారి ముందుంచి, ఒక్కొక్క పత్రం ఎంతవరకు నమ్మదగినదో వారిచేతనే తేల్పించాడు. ప్రాథమిక ఆకరం, ద్వితీయ ఆకరం అన్న భేదం, ప్రతి వాక్యానికి అడుగున ఆధారం చూపే అలవాటు ఈ వాతావరణంలోనే పరిశోధకుడి నిత్యకృత్యాలయ్యాయి. అమెరికాలో యేల్ 1861లో మొదటిసారి పీహెచ్.డి. పట్టాలిచ్చింది, ఆక్స్‌ఫర్డ్ 1917 దాకా ఆగింది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం మొదట్లో పరీక్షలు జరిపే సంస్థ మాత్రమే కాబట్టి, తెలుగులో తొలితరం పరిశోధన విశ్వవిద్యాలయం బయటనే సాగింది. కందుకూరి వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రము, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పినవారిలో ప్రముఖుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు చారిత్రక వ్యాసాలు, మల్లంపల్లి సోమశేఖరశర్మ శాసన పరిశోధన ఏ పట్టా కోసమూ రాసినవి కావు.

ఆ కాలపు రచనల్లో నిర్మాణదృష్టితో ప్రత్యేకంగా చెప్పుకోదగినది కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారము. విద్యార్థిదశలో రాసిన వ్యాసం పెరిగి 1914లో పుస్తకంగా వచ్చింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని పరిశీలించే ఈ రచన కవి వంశావళితోనో కాలనిర్ణయంతోనో మొదలై అక్కడే తిరగక, కావ్యంలో కథ, పాత్రలు, ఊహాశక్తి ఎలా ఉండాలన్న సామాన్య ప్రశ్నను ముందు పెట్టుకొని, ఆ ప్రశ్న వెలుగులో ఒక కావ్యాన్ని తూచింది. దాని తీర్పులతో ఏకీభవించనివారు ఆనాడే ఎందరో ఉన్నారు. కాని వాదించడానికి వీలైన తీర్పు అందులో ఉండబట్టే ఆ వాదం పుట్టింది. ఈయనే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడు కావడం తెలుగు పరిశోధనకు శుభారంభమే.

ఇక కృష్ణమూర్తి సిద్ధాంత వ్యాసం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1957లో ఆయనకు డాక్టరేటు తెచ్చిపెట్టిన ఈ రచన తెలుగు క్రియాధాతువులను సోదర ద్రావిడ భాషల ధాతువులతో పోల్చి చూసే గ్రంథంగా 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా వెలువడింది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా అచ్చయింది ఆ ఏడాదే; అంటే ఆ అచ్చు నిఘంటువు చేతిలో లేని రోజుల్లోనే ఈ వ్యాసం రూపుదిద్దుకున్నది. విషయం ఎంపికలోనే ప్రణాళిక దాగి ఉంది. తెలుగు పదజాలం మొత్తాన్ని పట్టుకోకుండా క్రియాధాతువులకు పరిమితం కావడం సౌకర్యం కోసం పెట్టుకున్న హద్దు మాత్రమే కాదు. నామవాచకాలు భాష నుంచి భాషకు సులువుగా ఎరువుపోతాయి, క్రియలు అంతగా పోవు, కాబట్టి భాషల బంధుత్వాన్ని తేల్చడానికి క్రియలు గట్టి సాక్షులు. హద్దు ఎక్కడ గీయాలో ప్రశ్నే నిర్ణయించింది.

ఆ గ్రంథ నిర్మాణం కూడా అలాంటిదే. ధ్వనుల మార్పులను, ధాతువుల నిర్మాణాన్ని వివరించే అధ్యాయాలు ఒకవైపు ఉంటే, ఒక్కొక్క ధాతువును దాని సజాతి రూపాలతో, అంటే ఇతర ద్రావిడ భాషల్లో దానికి సరితూగే రూపాలతో, అకారాదిగా ఇచ్చిన వ్యుత్పత్తి సూచిక మరొకవైపు ఉంటుంది. అధ్యాయంలో సూత్రం చెప్పినప్పుడు పాఠకుడు సూచికలోకి వెళ్లి ఆ సూత్రానికి లొంగే రూపాలనూ లొంగని రూపాలనూ స్వయంగా చూసుకోవచ్చు. సూచికను అనుబంధంగా చివర తగిలించిన సరంజామా అనుకుంటే పొరపాటు. గ్రంథం బరువంతా మోసేది అదే.

ఇదే క్రమశిక్షణ ఆయన సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో కనిపిస్తుంది. 1962లో వచ్చిన వ్యవసాయ పదాల సంపుటం గాని, 1971లో వచ్చిన చేనేత పదాల సంపుటం గాని విన్న మాటలన్నీ పోగుచేసిన సంచి కాదు. ఏ వృత్తిలో ఏయే పనులకు, పనిముట్లకు మాటలు అడగాలో, ఎవరిని అడగాలో ముందే నిర్ణయించుకొని ఊళ్లలోకి వెళ్లడం వల్ల, ఒకే నాగలి భాగానికి వేర్వేరు ప్రాంతాల్లో ఉన్న పేర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం సాధ్యమైంది. సేకరణకు ముందు ప్రశ్నావళి లేకపోతే ఒక జిల్లాలో అడిగింది మరో జిల్లాలో అడగకుండా పోయేది, పోలికకు ఆధారమే మిగిలేది కాదు.

స్వాతంత్ర్యానంతరం తెలుగు శాఖల్లో సిద్ధాంత వ్యాసాల సంఖ్య పెరిగింది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యము విశ్వవిద్యాలయ పరిశోధన గడప దాటని పాటలను అధ్యయన వస్తువుగా నిలబెట్టగా, ఎస్వీ జోగారావు ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర ఒక ప్రక్రియ పరిణామాన్ని ఆద్యంతం పరిశీలించింది. సి. నారాయణరెడ్డి వ్యాసం ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు అన్న పేరులోనే తన ప్రణాళికను చెప్పుకుంటుంది: పాత దాని కొనసాగింపు ఎంత, కొత్తదనం ఎంత అన్న రెండు కొసల మధ్య ప్రతి కవినీ నిలబెట్టి చూడక తప్పని పరిస్థితిని ఆ శీర్షిక కల్పించింది. శీర్షికలో ప్రశ్న ఉంటే అధ్యాయాలు వాటంతట అవే కుదురుకుంటాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో అరుదు.

ఆ తర్వాతి కాలంలో ఒక మూస గట్టిపడింది. ఫలానా కవి జీవితం, ఆయన యుగం, ఆయన రచనల పరిచయం, వాటిలో వస్తువు, శిల్పం, సామాజిక స్పృహ, చివర ఉపసంహారం. ఈ వరసలో ఏ అధ్యాయం తీసేసినా మిగతావి చెక్కుచెదరకుండా నిలుస్తాయి. అదే దాని జబ్బు. అధ్యాయాల మధ్య సంగతి లేదు, ఎందుకంటే మొదట్లో సంశయం లేదు. పూర్వ పరిశోధనల సమీక్ష సైతం ఎవరు ఏ ఏట ఏ పుస్తకం రాశారో చెప్పే జాబితాగా మారింది. అందులో ఎవరి వాదాన్నీ పూర్వపక్షంగా నిలబెట్టరు కాబట్టి సిద్ధాంతం చేయవలసిన అవసరమే రాదు. జర్మన్ సెమినార్ నుంచి పాదసూచికను, గ్రంథసూచిని శ్రద్ధగా తెచ్చుకున్న తెలుగు పరిశోధన, సొంత ఇంట్లోని అధికరణ పద్ధతిని మాత్రం అలంకారశాస్త్ర పాఠాలకు వదిలేసిందని చెప్పడం కఠినంగా వినిపించవచ్చు గాని అన్యాయం కాదు.

విజ్ఞానశాస్త్రాల వ్యాసం మరో దారిలో నడిచింది. 1665లో లండన్‌లో మొదలైన ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లోని తొలి వ్యాసాలు చాలావరకు ఉత్తరాల రూపంలో ఉండేవి. ప్రస్తావన, పద్ధతి, ఫలితాలు, చర్చ అన్న నాలుగు భాగాల కట్టుబాటు వైద్యపత్రికల్లో స్థిరపడింది ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలోనే. చదివేవాడు వెతుక్కునే చోటు తెలియడం ఈ కట్టుబాటు చేసిన మేలు. అయితే నోబెల్ గ్రహీత పీటర్ మెడావర్ 1963లో చేసిన ప్రసంగంలో, శాస్త్రీయ వ్యాసం మోసమా అని సూటిగా అడిగి, ముందు పరిశీలనలు పోగుచేసి వాటి నుంచి ఫలితం రాబట్టినట్టు కనిపించే ఈ రూపం ఆలోచన నిజంగా నడిచిన తీరును దాచిపెడుతుందని వాదించాడు. పరిశోధకుడు ఊహతో మొదలుపెట్టి పరీక్షకు వెళ్తాడు. వ్యాసం మాత్రం ఊహే లేనట్టు నటిస్తుంది. కనుక్కున్న క్రమం, చెప్పే క్రమం ఒకటి కానక్కరలేదు గాని, చెప్పే క్రమంలోంచి సంశయాన్ని తుడిచేస్తే ఎందుకు వెతికారో పాఠకుడికి అంతుపట్టదు.

ఈ చిక్కుకు ఆచరణలో పనికివచ్చే సలహా ఇటలీ నుంచి వచ్చింది. నవలాకారుడిగా ప్రసిద్ధుడు కాకముందే ఉంబెర్తో ఎకో 1977లో తన దేశపు విద్యార్థుల కోసం సిద్ధాంత వ్యాసం రాసే పద్ధతి మీద పుస్తకం రాస్తూ, శీర్షిక, ఉపోద్ఘాతం, విషయసూచిక, ఈ మూడింటినీ పని మొదట్లోనే రాసుకోవాలన్నాడు. చివర్లో రాయవలసినవాటిని ముందు రాయమనడం వింతగా తోచవచ్చు. కాని ఆ విషయసూచిక తాత్కాలిక ఊహ మాత్రమే, చదివినకొద్దీ దాన్ని మళ్లీ మళ్లీ దిద్దుకోవాలి. ఆ దిద్దుబాట్లే ఆలోచన ఎటు నడిచిందో చెప్పే ఆనవాళ్లు. కౌటిల్యుని విధానానికీ దీనికీ ఉన్న దగ్గరితనం చెప్పకనే తెలుస్తుంది. తెలుగు విశ్వవిద్యాలయాల్లో రిజిస్ట్రేషన్ కోసం సమర్పించే సినాప్సిస్‌కు దక్కవలసిన స్థానం కూడా ఇదే. మూడేళ్ల తర్వాత అచ్చం అదే పట్టిక తుది వ్యాసంలో కనిపించిందంటే, పందిరి వేసి పాకే తీగనే నాటడం మరచినట్టు, నడుమ ఏ ఆధారమూ పరిశోధకుణ్ణి కదిలించలేదన్నమాట.

ఇటీవలి మార్పులు వ్యాసాన్ని బయటి నుంచి కొలిచేవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నియమాల ప్రకారం ఇతర రచనలతో పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు, అరవై శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. శోధ్‌గంగ భాండాగారంలో సిద్ధాంత వ్యాసాలు అందరికీ అందుబాటులోకి రావడం ఎంతో మేలు చేసింది. బీరువాలో నిద్రపోయే వ్యాసాన్ని ఇప్పుడు మరొకరు చదివి ప్రశ్నించగలరు. శాతాల లెక్క మాత్రం మాటల పోలికను పట్టుకుంటుందే తప్ప ప్రశ్న లేకపోవడాన్ని పట్టుకోలేదు. ఇతరుల వాక్యాలను పర్యాయపదాలతో మార్చి రాసిన, ఏ పూర్వపక్షమూ లేని అధ్యాయం ఆ పరీక్షలో సునాయాసంగా గట్టెక్కుతుంది. ప్రత్యర్థి వాదాన్ని ఆయన మాటల్లోనే నిజాయతీగా ఉటంకించి ఖండించినవాడు ఉద్ధరణ చిహ్నాల లెక్క సరిచూపించుకోవలసి వస్తుంది.

1961 నాటి గ్రంథంలో కృష్ణమూర్తి తెలుగును గోండి, కొండ, కుయి, కువి భాషలతో ఒక ఉపశాఖగా కూర్చి, ఆ ఉపశాఖను మధ్య ద్రావిడంలో చేర్చాడు. తర్వాతి దశాబ్దాల్లో అదే ఉపశాఖ దక్షిణ ద్రావిడానికి దగ్గరిదని తేల్చి దాన్ని దక్షిణ మధ్య ద్రావిడమన్నాడు. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ద్రావిడ భాషల గ్రంథంలో ఈ రెండో నిర్ణయమే నిలిచింది. మొదటి నిర్ణయానికి ఆధారమైన ధాతువులన్నీ సూచికలో అలాగే ఉన్నాయి. నిర్ణయం మారినా వాటిలో చాలావాటిని తిరిగి రాయవలసిన పని ఆయనకు గాని, ఆయనతో విభేదించినవారికి గాని పడలేదు.