యంత్రానికి గంట రేటు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట ప్రధానంగా మనుషుల చేతుల మీద లేచింది. తరువాతి ప్రాజెక్టుల్లో యంత్రాలు పెరిగాయి. వాటి ఖర్చు ఏ పనికి ఎంత వేయాలన్న పేచీ కూడా పెరిగింది.

ఒక డోజరు ధర రూ. 40 లక్షలు అనుకుందాం. పదేళ్ల తరువాత పాత ఇనుముగా 4 లక్షలు వస్తాయి. అంటే ఏటా తరుగుదల 3,60,000. సిబ్బంది జీతాలు 2,40,000. మొత్తం 6 లక్షలు. ఏడాదికి 1,500 గంటలు నడిస్తే గంటకు 400. డీజిలు, ఆయిలు, మరమ్మతులు అదనం. 750 గంటలే నడిస్తే ఆ 400 కాస్తా 800 అవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. రేటు పెరిగితే సెక్షన్ ఆఫీసర్లు బయట అద్దెకు తెచ్చుకుంటారు. మన యంత్రానికి గంటలు ఇంకా తగ్గి, రేటు ఇంకా పెరుగుతుంది. చివరకు నష్టమని యంత్రాన్ని వేలం వేస్తారు. ఆపరేటర్లు మిగులు సిబ్బంది అవుతారు.

అందుచేత మామూలుగా నడవవలసిన గంటలతోనే భాగించాలి. యంత్రాన్ని తన వద్ద ఊరికే నిలిపినవారు ఆ 400 భరించాలి. ఎవరూ అడగక యార్డులో నిలిచిన గంటలను ఏ పనికీ వేయక, విడిగా పై అధికారుల ముందుంచాలి.

నేడు ఈ పనుల్లో ఉన్న మన పిల్లలకు నా మనవి: లాగ్ బుక్కులో నడిచిన గంట, నిలిచిన గంట, చెడిపోయిన గంట వేరువేరుగా ఏ రోజుకారోజు రాయించండి.